అమ్మ మధ్యలో లేచిపోయింది

ఒరేయ్ అబ్బీ,

నీ రెండు ఉత్తరాలకీ జవాబు బాకీ. క్షమించరా. అందరం బాగున్నాం, చెల్లి పరీక్షలు అయిపోయాయి, నా ఉద్యోగం అక్కడే. ఇక అసలు సంగతి, కడుపులో దాచుకోలేక రాస్తున్నా.

మొన్న రాత్రి ‘కేథీ కమ్ హోమ్’ అనే ఇంగ్లీషు టీవీ సినిమా చూశాను. 1966లో బీబీసీలో వచ్చింది, తీసింది కెన్ లోచ్. కొత్త జంట. మొగుడికి దెబ్బ తగిలి పని పోతుంది. పిల్లలు పుడతారు, ఇల్లు నిలవదు. అద్దె కొంప, కారవాన్, ఆఖరికి నిరాశ్రయుల హాస్టల్. అందులో మొగుళ్లని ఉండనివ్వరు!

అమ్మ పక్కనే కూచుంది, మాటలు అర్థం కాకపోయినా. ఇల్లు ఖాళీ చేయించే చోట గబుక్కున లేచి లోపలికెళ్లిపోయింది. వెళ్లి చూస్తే చీకట్లో కూచుని ఉంది.

"మన సామానూ అలాగే వీధిలో పెట్టించార్రా. నీకు మూడేళ్లు. ఏడవకుండా నిన్ను బిందె బోర్లించి దాని మీద కూచోబెట్టాను."

ఇన్నేళ్లూ ఒక్క ముక్క చెప్పలేదురా నాకు! ఎవడు వాడు అని అరిచాను. "చెడ్డవాడేం కాదు. కూతురు పిల్లల్తో వచ్చేసింది, ఆయనకీ ఇల్లు కావాలిగా" అంది.

అప్పట్నుంచి నిద్ర లేదు. కేథీ కథలోనూ అంతే. రైల్వే స్టేషన్‌లో ఆమె చేతుల్లోంచి పిల్లల్ని లాక్కుపోతారు. ఆ వచ్చినవాళ్లు వాళ్ల ఉద్యోగం వాళ్లు చేస్తున్నారు, అంతే. మన సినిమాల్లో అయితే ఒక దుర్మార్గుడుంటాడు, నాలుగు తన్నులు తింటాడు, సమస్య తీరిపోతుంది, మనం గుండె తేలికై బయటికొస్తాం. అమ్మ కథలో ఎవణ్ని తన్నాలి?

కోటీ ఇరవై లక్షలమంది చూశారట దాన్ని. అయినా ఇల్లులేనివాళ్ల కోసం బ్రిటన్‌లో చట్టం వచ్చింది 1977లో. పదకొండేళ్లు! సినిమా ఒక్కటే తెచ్చిందని అనలేను. చూసినవాళ్లకి తప్పు మనిషిలో కాక పద్ధతిలో ఉందని తెలిసుంటుంది, అది మాత్రం...

ఇంకోటి. వార్తల్లో ఎవరైనా ఏడిస్తే చాలు, కెమెరా మొహం మీదికి దూరిపోతుంది, వెనకాల వయొలిన్. ఒళ్లు మండుతుందిరా. ఆ రాత్రి అమ్మ గదిలో నాకు లైటు వెయ్యడానికి చెయ్యి రాలేదు.

ఆ సామానుతో మేం ఎక్కడ పడుకున్నామో ఇంకా అడగలేదు. ఈ రాత్రి అడగా— పోస్టు తీసే వేళైంది, పరిగెత్తాలి. ఉంటా.

నీ
నేనే