వార్షిక నివేదిక 2024–25: విదేశీ విద్యార్థుల కోసం మన సంఘం చేసిన పని, విజయనగరం

గౌరవ అధ్యక్షులకు, కార్యవర్గ సభ్యులకు, సర్వసభ్య సమావేశానికి వచ్చిన సభ్యులందరికీ నమస్కారం.

మన నియమావళి ప్రకారం ఏడాదిలో జరిగిన పనిని కార్యదర్శి మీ ముందు పెట్టాలి. సంఘం ఆశయాలు మీకు తెలిసినవే, వాటిని మళ్లీ చదవను.

ఈసారి కార్యవర్గం ముందుగానే ఒక నిర్ణయం తీసుకుంది. ఏడాది పొడవునా చిన్న చిన్న కార్యక్రమాలు పెట్టే బదులు, సెప్టెంబరు నుంచి నవంబరు వరకు ఉన్న మూడు నెలల మీదే బలమంతా పెట్టాలనుకున్నాం. చుట్టుపక్కల విశ్వవిద్యాలయాల్లో, ఇంజనీరింగ్ కాలేజీల్లో చేరే విదేశీ పిల్లలు ఆగస్టు, సెప్టెంబరుల్లో దిగుతారు. ఊరి పేరు నోరు తిరిగేలోపే దసరా సెలవులు వచ్చేస్తాయి. మన పిల్లలు బ్యాగులు సర్దుకుని ఇళ్లకు పోతారు. హాస్టల్ ఖాళీ, మెస్ మూత. నేపాల్ నుంచో ఇథియోపియా నుంచో టాంజానియా నుంచో వచ్చిన పిల్లలు ఎక్కడికి పోతారు? ఊరంతా పిండివంటలు చేసుకుంటుంటే వాళ్లు గదుల్లో బిస్కెట్లు తిని పడుకోవడం మన సభ్యులు కళ్లారా చూశారు. పైడితల్లి అమ్మవారి పండగకు పేరు పడ్డ ఊళ్లో అలా జరగకూడదని నా గట్టి అభిప్రాయం.

మొదటి కార్యక్రమం సెప్టెంబరు 11న, ఇథియోపియా సంవత్సరాది రోజున జరిగింది. వాళ్ల లెక్కలో ఏడాదికి పదమూడు నెలలు. మనకు 2024 నడుస్తుంటే వాళ్లకు ఆ రోజు 2017 మొదలైంది. కాఫీకి పుట్టిల్లు ఇథియోపియా, మనకేమో పక్కనే అరకు. ఒక సభ్యులు అరకు నుంచి పచ్చి కాఫీ గింజలు తెప్పించారు. క్యాంపస్ సెమినార్ హాల్లో నేల మీద పచ్చగడ్డి పరిచి, సాంబ్రాణి వేసి, ఎమ్మెస్సీ చదివే ఒక అమ్మాయి ఆ గింజల్ని కడిగి మూకుట్లో వేయించింది. పొగలు కక్కుతున్న మూకుడు పట్టుకుని ఒక్కొక్కరి దగ్గరికీ వచ్చి వాసన చూపించింది. తరవాత దంచి, ఇంటి నుంచి తెచ్చుకున్న సన్న మెడ మట్టి కూజాలో కాచింది. జెబెనా అంటారట దాన్ని. అదే పొడితో మూడు విడతలు పోస్తారు, మూడోది దీవెన. నంచుకోవడానికి మొక్కజొన్న పేలాలు. పాలు లేని కాఫీ అనగానే మొహం పెట్టిన మన పెద్దలు కూడా మూడో విడత దాకా కదల్లేదు. ఏర్పాట్లన్నీ మహిళా విభాగం చూసుకుంది.

ఇక దసరా. సెలవుల్లో రోజుకొక ఇంట్లో మధ్యాహ్న భోజనం పెట్టాలని పథకం వేశాం. రాత్రి బస పెట్టుకోలేదు. విదేశీయులు ఇంట్లో బస చేస్తే 24 గంటల్లోగా వాళ్ల వివరాలు ప్రభుత్వానికి తెలిపే ఫారం-సి ఆన్‌లైన్‌లో నింపాల్సి ఉండేది, దానికి చాలామంది భయపడ్డారు. భోజనానికి అలాంటి బాధ ఏమీ లేదు. అయినా ఒక మాట చెప్పక తప్పదు. ఆగస్టు మీటింగులో చేతులెత్తి పేర్లు రాయించుకున్న వాళ్లలో చాలామంది మహర్నవమి నాటికి ఫోన్లు తీయలేదు. చుట్టాలొచ్చారనో, ఊరెళ్తున్నామనో ముందురోజు ఒక్క మాట చెబితే ఇంకో ఇల్లు చూసుకునేవాళ్లం. పిల్లలు స్నానాలు చేసి, మంచి బట్టలు వేసుకుని గేటు దగ్గర నిలబడి ఉంటే మనం ఫోన్లు చేస్తూ కూర్చోవడం ఎంత టెన్షనో ఆ పూట నాతో ఉన్న ఇద్దరికి తెలుసు. ఆ రోజు కంటోన్మెంట్‌లో ఉండే ఒక సభ్యురాలు అప్పటికప్పుడు అందరికీ పులిహోర, పప్పు, ఆవ పెట్టిన పనసపొట్టు కూర చేసి పెట్టారు. ఆ అమ్మ రుణం సంఘం తీర్చుకోలేదు.

అక్టోబరు 12 విజయదశమి. నేపాలీలకు కూడా అదే పెద్ద పండగ, దశాయిఁ. తొమ్మిది రోజుల ముందు వెలుతురు తగలకుండా మొలకలు వేస్తారు. జమరా అంటారు. మామూలుగా బార్లీతో వేస్తారు. మన కిరాణా కొట్లో దొరికేది పొట్టు తీసిన బార్లీ, అది మొలకెత్తదు. అందుకని గోధుమలు చల్లి, హాస్టల్ గదిలో బకెట్ బోర్లించి పెంచారు. దశమి నాటికి పసుప్పచ్చటి మొలకలు జానెడు ఎత్తు వచ్చాయి. పెళ్లిళ్లలో మనం పాలికల్లో వేసే మొలకలు గుర్తొచ్చి మన ఆడవాళ్లంతా చుట్టూ చేరారు. పెరుగు, బియ్యం, కుంకుమ కలిపిన ముద్దను నుదుట పెట్టి, ఆ మొలకలు చేతికిచ్చి ఇంటి పెద్దలు దీవించాలి. ఇక్కడ వాళ్లకు పెద్దలెవరు? మనలో అందరికన్నా పెద్దావిడను కుర్చీలో కూర్చోబెట్టాం. ఒక్కొక్కరూ వచ్చి కాళ్లకు దండం పెడుతుంటే ఆవిడ ప్రతి ఒక్కరినీ పేరు అడిగి, తండ్రి పేరు అడిగి దీవించారు. ఒక కుర్రాడు అదంతా వీడియో కాల్‌లో వాళ్ల అమ్మకు చూపించాడు. ఈ ఏడాది మన సంఘం చేసిన వాటన్నిటిలోకీ గొప్ప పని ఇదేనని ఈ సభలో గర్వంగా చెబుతున్నాను.

సోమవారం తొలేళ్లు, అంటే సిరిమాను పండగకు ముందురోజు. ఆ రాత్రి అమ్మవారి గుడిలో రైతులకు విత్తనాలు పంచుతారని, వాటిని తమ విత్తనాల్లో కలుపుకుంటారని చెబితే, మొలకలు వేసిన పిల్లలకు వేరే వివరణ అక్కర్లేకపోయింది. అక్టోబరు 15 మంగళవారం సిరిమానోత్సవం, పొడవాటి మాను కొసన పూజారి కూర్చుని ఊరేగే పండగ. 1757 బొబ్బిలి యుద్ధం సంగతి, విజయనగరం రాజు విజయరామరాజు చెల్లెలు పైడితల్లి అమ్మవారిగా వెలిసిన కథ, పెద్దచెరువులో విగ్రహం దొరికిన సంగతి మన ఉపాధ్యక్షులు దారి పొడవునా ఇంగ్లిషులో చెప్పారు. ఆనవాయితీగా వచ్చే పాలధార, బెస్తవారి వల, అంజలిరథం, తెల్లఏనుగు ముందు సాగుతుంటే, చింతమాను కొసన కూర్చున్న పూజారి జనం తలల మీదుగా అమ్మవారి చదురుగుడి నుంచి కోట వైపు వచ్చారు. టాంజానియా నుంచి వచ్చిన మెకానికల్ విద్యార్థి ఒకడు అంత పొడవు మాను ఒరగకుండా బండి మీద ఎలా నిలుస్తోందని మూడు తిరుగుళ్లూ అదే చూశాడు.

అంతా బాగానే జరిగిందని రాయాలనే ఉంది. కానీ విదేశీ విద్యార్థులు నిలబడి చూడటానికి కాస్త చోటు ఇప్పించండని నెల ముందే ఇచ్చిన మన అర్జీకి సంబంధిత అధికారుల నుంచి చివరిదాకా జవాబు లేదు. ఒక టేబుల్ నుంచి ఇంకో టేబుల్‌కు తిప్పారు. లక్షల జనంలో చేతులు పట్టుకుని గొలుసుకట్టులా నిలబడ్డాం. మూడులాంతర్ల దగ్గర ఒక దుకాణదారు తన మేడ మీదికి రానివ్వబట్టి ఆడపిల్లలు ఊపిరి పీల్చుకున్నారు. ఊరికి మంచి పేరు తెచ్చే పనికి కూడా ఇంత బతిమాలుకోవాలా అని అడుగుతున్నాను.

దీపావళి క్యాంపస్‌లోనే జరిగింది. నవంబరులో పాసింజర్ ఎక్కి, ఖాదీకి పేరు పడ్డ పొందూరు వెళ్లాం. వాలుగ చేప దవడ ఎముకతో పత్తి ఏకడం చూసి పిల్లలు నోళ్లు తెరిచారు. కార్తీక వనభోజనం ఉసిరిచెట్టు కింద జరిగింది. మిగతా వివరాలు ఫొటోలతో నోటీసు బోర్డులో ఉన్నాయి.

జమాఖర్చుల పట్టిక ఆడిటర్ గారు చూసి సంతకం చేశారు. ప్రతులు మీ కుర్చీల్లో ఉన్నాయి. భోజనాలకు, బస్సు కిరాయికే ఎక్కువ ఖర్చయింది. సభ్యత్వ బకాయిలు ఉన్నవాళ్లు ఈ రోజే కోశాధికారి గారికి కట్టేయాలి.

కృతజ్ఞతలు చెప్పాల్సిన వాళ్లు చాలామంది. హాలు ఇచ్చిన కాలేజీ యాజమాన్యానికి, సెలవులు మానుకుని తాళాలు తీసిన హాస్టల్ వాచ్‌మన్‌కి, తప్పెటగుళ్ల బృందానికి, గంటస్తంభం దగ్గర ఉచితంగా బ్యానర్ వేసిచ్చిన ప్రింటింగ్ ప్రెస్ వారికి, కారు, డ్రైవరు పంపిన దాసన్నపేట సభ్యులకు, ఇంటి నుంచి చక్కిలాలు, గవ్వలు డబ్బాలతో మోసుకొచ్చిన మహిళా విభాగానికి, ఎండలో మంచినీళ్లు అందించిన ఎన్.ఎస్.ఎస్. పిల్లలకు పేరుపేరునా ధన్యవాదాలు. కోశాధికారి గారు జ్వరంతో కూడా బిల్లులు వదల్లేదు.

2025లో విజయదశమి అక్టోబరు 2, సిరిమాను అక్టోబరు 7. భోజనానికి పిలిచేవాళ్లు పేరు, వీధి, తేదీ, కుదరకపోతే ఆ పూట చూసుకునే ఇంకొకరి ఫోన్ నంబరు కలిపి రాయించాలి. రెండో నంబరు లేని పేర్లు జాబితాలో చేర్చబోమని కార్యవర్గం తీర్మానించింది. సిరిమాను అర్జీ ఈసారి జులైలోనే ఇస్తున్నాం. దాని వెంట ఆఫీసుకు వచ్చేందుకు కనీసం నలుగురు కావాలి. పుస్తకం గుమ్మం పక్క బల్ల మీద ఉంది.

ఇట్లు,
కార్యదర్శి