పర్మనెంటు కాని ఉద్యోగం గురించి నాన్నగారికి

రోటర్‌డామ్ రేవు నుంచి

పూజ్యులైన నాన్నగారికి నమస్కారాలు.

నా ఉద్యోగం ఎప్పటికి పర్మనెంటు అవుతుందని, రిటైరయ్యాక పింఛను వస్తుందా అని మీరు అడిగినప్పుడు ఫోనులో ముక్తసరిగా ఏదో చెప్పి తప్పించుకున్నాను. ఇక్కడ సరుకు దించడానికి మూడు రోజులు పడుతుంది కనుక నిదానంగా రాస్తున్నాను.

ఓడ ఉద్యోగంలో మాబోటి వాళ్లకు పర్మనెంటు అనే మాట దాదాపు లేదు. దిగి ఇల్లు చేరగానే కాంట్రాక్టు ముగుస్తుంది. మళ్లీ అదే కంపెనీ పిలిచినా అది కొత్త కాంట్రాక్టే. యజమాని ఒక దేశంవాడు, ఓడ రిజిస్టరైన దేశపు జెండా పనామాదో లైబీరియాదో, పనిచేసేవాళ్లం నాలుగైదు దేశాలవాళ్లం కావడంతో ఏ ఒక్క దేశపు చట్టమూ మమ్మల్ని పూర్తిగా తనవాళ్లుగా చూసుకోదు. ఆ లోటు తీర్చడానికే అంతర్జాతీయ కార్మిక సంస్థ 2006లో మారిటైమ్ లేబర్ కన్వెన్షన్ అనే నావికుల హక్కుల ఒప్పందాన్ని ఆమోదించింది. అది 2013 ఆగస్టు 20న అమల్లోకి వచ్చింది.

ఓడ మీద ఉన్నంతకాలం ఆ కన్వెన్షన్ రక్షణ గట్టిదే. సంతకాలు చేసిన కాంట్రాక్టు కాగితం ఒకటి నా చేతికివ్వాలి, జీతం నెలనెలా లెక్కతో సహా చెల్లించాలి, ఉద్యోగం ఇప్పించినందుకు ఏజెంటు నా దగ్గర రుసుము తీసుకోకూడదు, పన్నెండు నెలలు నిండకముందే యజమాని ఖర్చుతో ఇంటికి పంపాలి. రోజుకు కనీసం 10 గంటలు, వారానికి 77 గంటలు విశ్రాంతి అని మా ఓడలో నమోదు చేస్తారు గాని, కాగితం మీద లెక్క కుదిరినంత సులువుగా కంటికి నిద్ర కుదరదు. యజమాని ఓడను, మనుషులను వదిలేసి పోతే బీమా నుంచి నాలుగు నెలల వరకు బకాయి జీతం, తిరుగు ప్రయాణం ఖర్చు రాబట్టుకునే వీలు 2017 జనవరి నుంచి ఉంది. సముద్రపు దొంగల చేతిలో బందీలుగా ఉన్న కాలానికీ జీతం ఆగకూడదని తర్వాతి సవరణ చెబుతుంది. అమ్మకు మాత్రం ఈ వాక్యం చదివి వినిపించకండి.

ఒడ్డుకు చేరాక సంగతి వేరు. నెలకు రెండున్నర రోజుల చొప్పున సెలవు హక్కు ఉన్నా, ఆ సెలవు జీతాన్ని మా కంపెనీ నెల జీతంలోనే కలిపి ఇచ్చేస్తుంది. అందుకే మీకు పెద్దగా కనిపించిన మొత్తం, నేను ఇంట్లో ఉండే నెలలకు కూడా సరిపెట్టుకోవలసిన మొత్తమే. జబ్బుపడి ఇంటికి వస్తే వైద్యం ఖర్చు విషయంలో యజమాని బాధ్యతను దేశపు చట్టం ఒక గడువుకు పరిమితం చేయవచ్చు, ఆ గడువు 16 వారాలకు తగ్గకూడదు అంతే.

ఇక పింఛను. సామాజిక భద్రత కింద కన్వెన్షన్ తొమ్మిది రకాల సాయాలను పేర్కొంది, అందులో వృద్ధాప్య సాయమూ ఉంది. కానీ ఆమోదించే దేశం వాటిలో మూడింటిని అందిస్తే చాలు. ఆ మూడూ వైద్యం, జబ్బు కాలపు భృతి, పనిలో గాయానికి పరిహారం అయితే మంచిదని సూచించారు. అంటే ముసలితనం వరుసలో వెనక్కి పోయింది. పైగా ఆ బాధ్యత జెండా దేశానిది కాదు, నావికుడు స్థిరంగా నివసించే దేశానిది. జీతం ఎగ్గొడితే రేవులో తనిఖీ అధికారి ఓడను ఆపగలడు. నా అరవయ్యో ఏట పింఛను లేదని ఏ ఓడను ఆపుతారు?

మా బోసన్, అంటే డెక్కు పనివాళ్ల మేస్త్రీ, పంతొమ్మిదేళ్లుగా ఇదే కంపెనీ ఓడలెక్కుతున్నాడు. గ్రాట్యుటీ అడిగితే, మీ సర్వీసు పంతొమ్మిదేళ్లు కాదు, ఈ కాంట్రాక్టు తొమ్మిది నెలలే అన్నారట. పాత కాంట్రాక్టులు చాలావరకు ఆయన దగ్గర లేవు, ఆ వాదన నెగ్గుతుందో లేదో యూనియన్‌వాళ్లూ చెప్పలేకపోతున్నారు.

అందుకని ఈ కవరులో నా నాలుగో కాంట్రాక్టు నకలు, జీతం చీటీలు పంపుతున్నాను. మొదటి మూడింటితో కలిపి తేదీల వరుసలో ఉంచి, నా నావికుడి పుస్తకంలోని ఎక్కిన, దిగిన తేదీలతో సరిచూడమని తమ్ముడికి చెప్పండి; ఆ పుస్తకం జిరాక్సు బీరువాలోనే ఉంది. రెండో కాంట్రాక్టులో దిగిన తేదీ ఒక నెల తేడాగా పడిందని నా అనుమానం. నిజమే అయితే వెంటనే రాయండి, ఆ కెప్టెన్ ఇంకా సర్వీసులో ఉండగానే దిద్దించుకోవాలి.

ఇట్లు,
మీ పెద్దబ్బాయి