తలలు కోసి మళ్లీ విడుదలా?

సంపాదకులకు,

పాత సినిమాలు మళ్లీ థియేటర్లకు రావడం సంతోషమే. కానీ వెడల్పు తెరకు సరిపెట్టే పేరుతో బొమ్మను పైనా కిందా కోసేస్తున్నారు. తెలుగులో తొలి సినిమాస్కోప్ (వెడల్పు తెర) చిత్రం ‘అల్లూరి సీతారామరాజు’ వచ్చింది 1974లో. నలుపు తెలుపు కాలం నాటివి చాలావరకు 1.37:1 (వెడల్పు:ఎత్తు) నిష్పత్తిలో తీసినవే. వాటితో 2.39:1 తెర నిండా నింపాలంటే ఎత్తులో 40 శాతానికి పైగా పోవాల్సిందే. పౌరాణికాల్లో కిరీటాలు ఎగిరిపోతాయి. జానపదాల్లో కత్తియుద్ధం నడుం దాకానే కనిపిస్తుంది. అడుగులు కనబడకపోతే అదేం యుద్ధం! అసలు దెబ్బ హాస్యానికి. రేలంగి నటనలో సగం ఆ నడకలోనే ఉంది మరి. క్లోజప్పులు ఎక్కువున్న కుటుంబ కథలు కాస్త నయం.

బొమ్మను మధ్యలో ఉంచి, రెండు పక్కలా నల్ల పట్టీలు వదిలేస్తే సరిపోతుంది. ఒకే చానెల్‌లో ఉన్న మోనో శబ్దాన్ని చుట్టూ స్పీకర్లుండే 5.1కి మార్చేటప్పుడు మాటలను మధ్య స్పీకరులోనే ఉంచాలి. చుట్టూ పంచితే మాట అలికినట్టయి పద్యం అర్థం కాదు. ఇంట్లో చూసేవారు టీవీలో ‘జూమ్’ తీసేసి 4:3 పెట్టుకోవచ్చు. థియేటరులో ఆ వీలు లేదు. కాబట్టి ఏ నిష్పత్తిలో వేస్తున్నారో పోస్టరు మీదే ముద్రించాలి.

– ఒక ప్రేక్షకుడు, విజయవాడ