యాభై మీటర్లను కొలిచేదెవరు?

సంపాదకులకు,

హన్మకొండలో మా మనుమరాలు చదివే బడి గేటు దాటి ఇరవై అడుగులు వేస్తే ఒక కిరాణం దుకాణం వస్తుంది. దాని ముందు అయిదు, పది రూపాయల చిరుతిండి ప్యాకెట్లు దండలు కట్టి వేలాడుతుంటాయి. బడి ఆవరణలో గాని, గేటు నుంచి ఏ దిక్కుకైనా 50 మీటర్ల లోపు గాని కొవ్వు, చక్కెర, ఉప్పు ఎక్కువగా ఉన్న తినుబండారాలను పిల్లలకు అమ్మరాదని కేంద్ర ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ 2020లోనే నిబంధన తెచ్చింది. ఆ దూరం కొలవడానికి టేపు పట్టుకొని వచ్చిన అధికారిని మా వీధిలో నేనింతవరకు చూడలేదు.

సాయంత్రం ఇంటికొచ్చిన పిల్ల డబ్బాలో పెట్టిన బొబ్బర్ల గుడాలు పెట్టినట్టే ఉంటాయి. అసలు నష్టం అక్కడే మొదలవుతున్నదని నా అభిప్రాయం. మాంసకృత్తులు, ఇనుము, పీచు ఉన్న తిండి కడుపులో పడాల్సిన చోటును పిండి, పామాయిల్, ఉప్పు ముందే ఆక్రమిస్తున్నాయి. రాష్ట్రంలో అయిదేళ్లలోపు పిల్లల్లో 70 శాతం మందికి రక్తహీనత ఉన్నదని జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే అయిదో విడతలో తేలింది. దానికి కారణాలు చాలానే ఉన్నా, ఈ ప్యాకెట్లు ఆ లోటును తీర్చేవి మాత్రం కావు. మన చేన్లలో పండే మక్కలనే కంకిగా కాల్చుకున్నా, పేలాలుగా వేయించుకున్నా గింజ పూర్తిగా లోపలికి వెళ్తుంది, కానీ ప్యాకెట్లోకి ఎక్కే మక్కపిండిలో చాలావరకు పొట్టు, మొలక ముందే పోయి ఉంటాయి.

సంక్రాంతి సకినాలు కూడా నూనెలో కాల్చినవే కదా అని మా ఇంట్లో నన్ను నిలదీశారు. నిజమే, నూనె ఎక్కడైనా నూనెయే. అయితే బియ్యప్పిండి, నువ్వులు, వాముతో చేసే సకినాలను ఏ పిల్లా రోజూ బడి గేటు దగ్గర కొనుక్కోదు.

ఈ ప్యాకెట్లలాంటి, కర్మాగారాల్లో అతిగా ప్రాసెస్ చేసిన ఆహారానికీ గుండెజబ్బులు, మధుమేహానికీ ఉన్న సంబంధం ఎక్కువగా పరిశీలనా అధ్యయనాల్లో, అంటే జనం ఏం తింటున్నారో, ఏ జబ్బులు వస్తున్నాయో గమనించి చూసినవాటిలో, కనిపించినదే కనుక అదొక్కటే కారణమని తేల్చి చెప్పలేము. కానీ 2019లో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థల పరిశోధకులు 20 మందిని ఆసుపత్రిలోనే ఉంచి, రెండు వారాలు ఈ రకం ఆహారం, మరో రెండు వారాలు సాదా ఆహారం పెట్టి చూశారు. వడ్డించిన వాటిలో కేలరీలు, చక్కెర, కొవ్వు, పీచు, ఉప్పు రెండింటా సమానంగా ఉండేట్టు చూసి, తినగలిగినంత తినమన్నారు. ప్రాసెస్ చేసిన ఆహారం తిన్నప్పుడు వారు రోజుకు దాదాపు 500 కేలరీలు అదనంగా తిని, రెండు వారాల్లోనే సుమారు కిలో బరువు పెరిగారు.

చిన్న బేరం మీద బతికే దుకాణదారును బెదిరించమని నేను అడగడం లేదు. ఆయనకు ఆ నిబంధన ఉన్నదన్న సంగతే తెలియదు. జూన్‌లో బడులు తెరిచేలోగా ఆహార భద్రత అధికారులు ప్రతి బడి గేటు నుంచి 50 మీటర్ల గీత గీసి, ఆ గీత లోపల ఏం అమ్మకూడదో తెలుగులో రాసిన కాగితాన్ని దుకాణాలకు అందజేయాలి. భూతద్దం పెట్టి చదవాల్సిన ప్యాకెట్ వెనుక అక్షరాలకు తోడు, చిలీ దేశం 2016 నుంచి చేస్తున్నట్టు ముందువైపునే నల్లని హెచ్చరిక గుర్తు వేయించే అధికారం కేంద్రానికి ఉన్నది కాబట్టి, మన ఎంపీలు ఆ మాటను పార్లమెంటులో అడగాలి.

– ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, హన్మకొండ