ముందు ఒక ఆట ఆడు

అమ్మలూ,

ఘనా మీద స్కూల్ ప్రాజెక్ట్ చేస్తున్నానని, ఫొటోలు పంపమని అడిగావు. పంపుతాను. ఈలోపు నువ్వు ఇక్కడి ఆట ఒకటి నేర్చుకోవాలి. పేరు ఒవారే.

ఇక్కడి రాజధాని అక్రాలో చెట్టు నీడన ఇద్దరు ఆడుతుంటే చుట్టూ నలుగురు చేరి సలహాలిస్తుంటారు. చూడగానే మన వామనగుంటలే కదా అనిపిస్తుంది. అలా అనుకుని అక్కడే ఆగిపోకు. అబాపా అనే పద్ధతి చెబుతాను. వరసకు 6 చొప్పున 12 గుంటలు, గుంటకు 4 గింజలు, మొత్తం 48. నీ వైపు ఒక గుంటలోవి తీసి, గడియారం ముల్లుకు ఎదురు దిశలో ఒక్కొక్కటే వేసుకుంటూ పోవాలి. మనలాగా పక్క గుంటలోవి ఎత్తి మళ్లీ పంచడం ఉండదు, చివరి గింజ పడగానే నీ వంతు అయిపోయినట్టే. అది ఎదుటివాళ్ల గుంటలో పడి, అక్కడ 2 గానీ 3 గానీ అయితే అవి నీవి. ముందు 25 గింజలు సంపాదించినవాళ్లు గెలిచినట్టు.

నాకు ప్రాణమైన రూల్ ఇంకొకటుంది. ఎదుటివాళ్ల వైపు గుంటలన్నీ ఖాళీ అయిపోతే, నీకు వీలున్నంతవరకు వాళ్లకు గింజలు అందే ఎత్తే వేయాలి. చదివితే ఇది మామూలుగానే ఉంటుంది. గెలిచే ఊపులో ఉండి, చేతిలో గింజలు పట్టుకుని, ఎదుటివాడి వైపుకి పంచాల్సి వచ్చినప్పుడు తెలుస్తుంది, ఈ ఆట కట్టినవాళ్లు ఎలాంటివాళ్లో. నీ ప్రాజెక్ట్‌లో ఇది తప్పకుండా రాయి.

12 గుడ్ల అట్టపెట్టె, 48 చింతపిక్కలు చాలు. నానమ్మను కూర్చోబెట్టుకో. ఆవిడ అలవాటుకొద్దీ పంచుకుంటూనే పోతుంది, నువ్వే ఆపాలి.

ఇక సంగీతం. ఇక్కడి అసాంతే అనే జాతివాళ్ల రాజు కొలువులో అటుంపన్ అనే జంట డోళ్లు ఉంటాయి. ఒకటి హెచ్చుగా, ఒకటి తగ్గుగా మోగుతుంది. వాళ్ల ట్వీ భాషలో గొంతు ఎత్తితే ఒక అర్థం, దించితే ఇంకో అర్థం. ఆ ఎత్తుపల్లాలనే వంకర పుల్లలతో డోళ్ల మీద పలికిస్తూ రాజును పొగుడుతారు, సామెతలు చెబుతారు. వీడియో పంపుతాను. మొదటిసారి నోట్స్ రాయకుండా, హెచ్చుకు కుడిచేయి, తగ్గుకు ఎడమచేయి బల్ల మీద కొడుతూ విను.

కుమాసీ నగరంలో ఆ రాజు ఉండే మన్‌హియా ప్యాలెస్‌లో ఆరు వారాలకోసారి, ఆదివారం నాడు, పూర్వీకులను తలుచుకునే అక్వాసిడే పండుగ జరుగుతుంది. అక్కడ ఈ డోళ్లు దగ్గర నుంచి వినొచ్చు. నీ సెలవుల తేదీలు అమ్మను పంపమను. ఆ ఆదివారం కలిసొచ్చేలా టికెట్లు చూస్తాను.

నాన్న