క్రైస్తవ తల్లిదండ్రుల సహవాసం: 2024-25 వార్షిక నివేదిక

సభ్యులందరికీ ప్రభువు నామంలో వందనాలు.

సర్వసభ్య సమావేశంలో కార్యదర్శి ఏడాది పనుల నివేదిక చదవాలని మన నిబంధనల్లో ఉంది. పోయినేడు నేను చదువుతుంటే సగం మంది బయట టీ దగ్గరే ఉండిపోయారు. అందుకే ఈసారి అచ్చు వేయించి కుర్చీకొకటి పెట్టించాం. టీ తాగుతూనైనా చదవండి. సహవాసం ఎందుకు పెట్టుకున్నామో మీకు తెలుసు కాబట్టి నేరుగా పనుల్లోకి వస్తాను.

ముందు కృతజ్ఞతలు. హాలు వాడుకోనిచ్చిన పాస్టర్ గారికి, సంఘ పెద్దలకు వందనాలు. ప్రతి మీటింగ్‌కీ ఉప్మానో పులిహోరో చేసి తెచ్చిన స్త్రీల మైత్రి అక్కలకు, మే నెల ఎండలో కుర్చీలు మోసిన యవనస్థులకు, సౌండ్ బాక్సులకు కిరాయి తీసుకోని తమ్ముడికి, అడ్డగుట్ట పిల్లల్ని నాలుగు ట్రిప్పుల్లో తన ఆటోలో దింపి పైసా అడగని అన్నకు, కార్యవర్గంలో మా తగవులన్నీ ఓపికగా తీర్చిన అధ్యక్షుల వారికి కూడా. పేర్లు రాస్తే ఒకటి తప్పిపోతుంది, దాని గురించి మళ్లీ మీటింగ్ దాకా వినాలి. అందుకని ఎవరి పేరూ రాయలేదు.

వీబీఎస్ (వేసవి సెలవుల బైబిల్ బడి)

పాటలు, కథలు, కంఠత వాక్యాలు సండే స్కూల్ టీచర్లే చూసుకున్నారు. మనకిచ్చింది రోజుకు అరగంట, ఆరోగ్యం గురించి. ఎండలు మండిపోతున్నాయని మొదటిరోజే ఓఆర్ఎస్ (ఒంట్లో నీరు తగ్గినప్పుడు తాగించే ఉప్పు, చక్కెర నీళ్లు) ఇంట్లో కలపడం నేర్పించాం: లీటరు కాచి చల్లార్చిన నీళ్లు, ఆరు టీస్పూన్ల చక్కెర, అర టీస్పూన్ ఉప్పు, చెంచాలు గోపురంలా కాకుండా అంచుకు సమంగా. ఒక బాబు రుచి కోసమని ఇంకో నాలుగు చెంచాల చక్కెర వేశాడు. చక్కెర ఎక్కువైతే విరేచనాలు ఇంకా పెరుగుతాయని మన నర్సు సిస్టర్ చెప్పేసరికి పిల్లలంతా వాడి గ్లాసు వైపు చూశారు. వాడు మాత్రం గటగటా తాగేశాడు.

పిల్లలను కొలిచిన ఆదివారం

ఈ ఏడాది మనం నిజంగా గొప్పగా చెప్పుకోగలిగింది ఇదొక్కటే. కాబట్టి కొంచెం ఎక్కువే రాస్తాను, ఓర్చుకోండి.

జూన్ నెల బైబిల్ స్టడీలో పాస్టరమ్మ గారు 1 సమూయేలు 2:19 తీశారు. హన్నా తన కొడుకును దేవుని మందిరానికి ఇచ్చేసింది. అయినా ఏటేటా ఒక చిన్న అంగీ కుట్టి తీసుకెళ్లి ఇచ్చేది. "ఏడాదికోసారి చూసే తల్లికి కొలత ఎలా తెలిసింది?" అని అమ్మగారు అడిగారు. ఎవరూ మాట్లాడలేదు. వెనక నుంచి టైలరింగ్ చేసే అక్క అంది: "పోయినేటి అంగీకి నాలుగు వేళ్లు కలిపి ఉంటుందమ్మా. ఎదిగే పిల్లలకు మేమూ అట్లనే కుడతాం." అమ్మగారు నవ్వి, వరసలో కూర్చున్న నాన్నలను ఒక్కొక్కరినే "మీ బాబు ఎత్తెంత? మీ పాప బరువెంత?" అని అడుగుతూ పోయారు. ర్యాంకు అడిగితే చెప్పేవాళ్లం. ఫీజు ఎంత కట్టామో, ఎంత బాకీ ఉందో చెప్పేవాళ్లం. ఎత్తు మాత్రం ఒక్కరికీ తెలియదు, నాతో సహా.

అలా ఆగస్టు రెండో ఆదివారం ఆరాధన అయిపోగానే పిల్లలందరికీ ఎత్తు, బరువు, చూపు, రక్తంలో హిమోగ్లోబిన్ చూడాలని తీర్మానించాం. ఇందులో సగం పని ప్రభుత్వం చేయాల్సిందే. పుట్టినప్పటి నుంచి 18 ఏళ్ల దాకా పిల్లలను పరీక్షించే పథకం 2013 నుంచి దేశమంతా ఉంది. దాని కింద సిబ్బందిని పంపమని ఒక కార్యాలయంలో రెండుసార్లు దరఖాస్తు ఇచ్చాం, రసీదులు ఫైల్లో ఉన్నాయి. "మీరు టెంట్ వేసుకోండి, మా టీమ్ తొమ్మిదింటికల్లా వస్తుంది" అన్నారు. టెంట్ వేశాం. పదకొండు దాటింది, టీమ్ రాలేదు, ఫోన్ ఎత్తలేదు. ఆ తర్వాత కూడా ఎందుకు రాలేదో చెప్పే మర్యాద చూపించలేదు.

వాళ్ల మాట సరే, మన మాట? వాలంటీర్లుగా ఇరవై ముగ్గురు పేర్లిచ్చారు. వచ్చింది తొమ్మిది మంది, వాళ్లలో ఏడుగురు ఆడవాళ్లు. ఒక బ్రదర్ మధ్యాహ్నం వచ్చి, బిర్యానీ ఉందా అని అడిగి వెళ్లారు. ఎవరని చెప్పను, ఆయనకు తెలుసు.

పని ఆగలేదంటే అది మన సంఘంలోని ఇద్దరు నర్సు సిస్టర్ల పుణ్యం. ఒకరు రాత్రి డ్యూటీ చేసి అట్నుంచి అటే వచ్చారు. టైలర్ అక్క తన టేపును సండే స్కూల్ గది గోడకు అంటించింది. కంటి చార్టుకు ఆరు మీటర్ల దూరం కావాలంటే, ఆ దూరాన్ని కూడా అక్కే కొలిచి సుద్దతో గీత గీసింది. సాయంత్రం నాలుగింటి దాకా డెబ్బై పైచిలుకు పిల్లలను చూశారు.

చూపు దగ్గర పదకొండు మందికి తేడా కనిపించింది. వారిలో ఒకడు మా చిన్నోడు, ఆరో తరగతి. బోర్డు మీది లెక్కలు తప్పుగా ఎక్కించుకొస్తున్నాడని ఏడాదిగా వాణ్ని తిడుతున్నాను. ఒకట్రెండుసార్లు చెయ్యి కూడా చేసుకున్నాను. ఆ గీత దగ్గర నిలబడి చార్టులో మూడో వరస తర్వాత ఏమీ కనిపించడం లేదన్నాడు. సిస్టర్ ఇంకోసారి అడిగితే, తప్పు చెబితే నాన్న కొడతాడేమోనని నా వైపు చూశాడు. తండ్రులు పిల్లలకు కోపం రేపవద్దనే ఎఫెసీయులకు 6:4 వచనం మా ఇంటి గోడకు ఫ్రేమ్ కట్టి ఉంది. ఇదంతా నివేదికలో ఎందుకని కార్యవర్గంలో ఒకరిద్దరు అన్నారు. ఉండనివ్వమన్నాను. ఇప్పుడు వాడికి కళ్లద్దాలున్నాయి. మిగతా పది మందిలో ఎనిమిది మంది మెహదీపట్నంలోని సరోజినీ దేవి కంటి ఆసుపత్రికి వెళ్లి చూపించుకున్నారు. ఇంకా ఇద్దరు వెళ్లలేదు. ఆ రెండు కుటుంబాలకూ మూడుసార్లు ఫోన్ చేశాను, నాలుగోసారి ఇంటికే వస్తాను.

రక్తహీనత సంగతి అందరినీ కంగారు పెట్టింది. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదో విడత ప్రకారం తెలంగాణలో ఆరు నెలల నుంచి ఐదేళ్ల లోపు పిల్లల్లో 70 శాతం మందికి రక్తం తక్కువ. అది బస్తీల సంగతి, మన పిల్లలకేంటి అనుకునే అమ్మానాన్నలు ఆ రోజు స్లిప్పులు చూసుకుని ఊరుకుండిపోయారు. ఐదు నుంచి పదకొండేళ్ల పిల్లలకు హిమోగ్లోబిన్ కనీసం 11.5 (డెసిలీటరు రక్తానికి గ్రాముల్లో) ఉండాలి. తొమ్మిది, పది ఉన్నవాళ్లు కనిపించారు. వాళ్లను డాక్టర్ దగ్గరికి పంపించాం. ఐరన్ మందు ఎంత, ఎన్నాళ్లు అన్నది డాక్టరే చెప్పాలి.

తిండి గురించి సిస్టర్లు చెప్పింది మళ్లీ రాస్తున్నాను, ఆ రోజు రానివాళ్ల కోసం. తోటకూర, గోంగూర, మునగాకు, కార్జం, పప్పులు, పల్లీలు పెట్టండి. ఆకుకూర పప్పు మీద నిమ్మకాయ పిండితే ఒంటికి ఇనుము బాగా పడుతుంది. అన్నం తిన్న వెంటనే టీ ఇస్తే పట్టాల్సిన ఇనుము కూడా పట్టదు. ఇక్కడే మనం ఇరుక్కున్నాం. ఆరాధన అయ్యాక పిల్లలకు చిన్న కప్పులో టీ, ఉస్మానియా బిస్కెట్ ఇవ్వడం మన దగ్గర ఎన్నాళ్ల నుంచో ఉంది. సెప్టెంబర్ నుంచి పిల్లలకు టీ ఆపి పల్లిపట్టి, అరటిపండు ఇస్తున్నాం. పల్లీలు పడని పిల్లలకు పండే. దీని మీద జరిగినంత చర్చ మన సహవాసంలో ఇంకే తీర్మానం మీదా జరగలేదు. రేపు పెద్దల టీ కూడా ఆపుతారా అని ఒక అంకుల్ గట్టిగానే నిలదీశారు. ఆపం.

టీకాల కార్డులు తెమ్మంటే సగం మందికి దొరకలేదు. దొరికినవాటిలోనూ ఏడాదిన్నర తర్వాతి గడులు చాలావరకు ఖాళీ. పోలియో చుక్కలు వేయించాం కదా, అయిపోయిందనుకుంటాం. తట్టు, రుబెల్లా రెండో డోసు 16 నుంచి 24 నెలల మధ్య ఉంటుంది. ఐదారేళ్లకు డీపీటీ (కంఠసర్పి, కోరింత దగ్గు, ధనుర్వాతం రాకుండా) బూస్టర్, పదేళ్లకూ పదహారేళ్లకూ టీడీ (ధనుర్వాతం, కంఠసర్పి రాకుండా) ఉంటాయి. ఇవన్నీ బస్తీ దవాఖానాలో, ప్రభుత్వ ఆసుపత్రిలో ఉచితమే.

ప్రార్థన, మందు

ఇది రాయాలా వద్దా అని కార్యవర్గం రెండుసార్లు కూర్చుంది. మనకు తెలిసిన ఒక ఇంట్లో, ఎక్కడో స్వస్థత కూటానికి వెళ్లొచ్చాక, బిడ్డకు ఫిట్స్ మందు ఒక్కసారిగా మానేశారు. మందు వేస్తే విశ్వాసం లేనట్టే అని ఎవరో చెప్పారట. ఆ మందు హఠాత్తుగా ఆపితే ఫిట్స్ ఆగకుండా వచ్చి ప్రాణం మీదికి రావచ్చు. వచ్చింది కూడా. దేవుని దయవల్ల సమయానికి ఆసుపత్రికి చేర్చారు, బిడ్డ బాగుంది. అక్టోబర్ కూడికలో పాస్టర్ గారు దీని గురించే మాట్లాడారు. పౌలు వెంట ఉన్న లూకా వైద్యుడని కొలొస్సయులకు 4:14లో ఉంది. తన శిష్యుడు తిమోతి కడుపు జబ్బుకు పౌలు ప్రార్థన ఒక్కటే చెప్పి ఊరుకోలేదు, ఏం తాగాలో కూడా రాశాడు. 1883లో గుంటూరు వచ్చిన మిషనరీ డాక్టరమ్మ అన్నా కూగ్లర్ జబ్బుపడ్డవాళ్లకు మందులు కూడా ఇచ్చింది కదా అన్నారు. చెయ్యి పెట్టి ప్రార్థన చేద్దాం, ఆ చేత్తోనే మందు కూడా వేద్దాం అని ఆయన అన్నది సహవాసం మాటగా తీసుకోమని కోరుతున్నాను.

ఇంట్లో ప్రార్థన

సండే స్కూల్ హాజరు జూలై నుంచి పడిపోయింది. తప్పు టీచర్లది కాదు. ఎనిమిదో తరగతి దాటితే చాలు, ఆదివారం పొద్దున వీక్లీ టెస్టులు పెడుతున్నారు. ఒక విద్యాసంస్థకు మన లెటర్‌హెడ్ మీద ఉత్తరం రాశాం. టెస్టు ఇష్టం లేకపోతే టీసీ తీసుకోండి అన్నట్టు జవాబొచ్చింది. ఇంకో రెండు చోట్ల మాత్రం పదకొండు తర్వాత రాయనిస్తున్నారు, అడిగిన తల్లిదండ్రులకే. అడగండి.

ద్వితీయోపదేశకాండము 6:7 చూస్తే, బిడ్డకు దేవుని మాట చెప్పే పని ఇంట్లో కూర్చున్నప్పుడు, దారిలో నడిచేటప్పుడు, పడుకునేటప్పుడు, లేచేటప్పుడు తల్లిదండ్రులకే ఉంది. వారానికి ఒక గంట టీచర్‌కి అప్పజెప్పి చేతులు దులుపుకోవడానికి అందులో వీలేం కనపడలేదు. కుటుంబ ప్రార్థనకు ఇళ్లు తిరిగినప్పుడు మేం చూసిందేమిటంటే, అమ్మ పాట ఎత్తుకుంటుంది, పిల్లలు అందుకుంటారు, నాన్న ఫోన్ చూస్తుంటాడు. రెండేళ్ల బిడ్డకు కూడా ఫోన్ లేకుండా ముద్ద దిగడం లేదు. రెండు నుంచి నాలుగేళ్ల పిల్లలకు రోజు మొత్తం మీద గంటకు మించి స్క్రీన్ వద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. ఏడాది లోపు వాళ్లకు అసలే వద్దంది.

అమ్మమ్మలు, నాయనమ్మలు బైబిల్ కథలు చెప్పిన రెండు సాయంత్రాలు బాగా జరిగాయి. తిమోతి విశ్వాసం మొదట లోయి అనే అతని అవ్వలో ఉండేదని 2 తిమోతికి 1:5లో ఉంది కదా, ఆ మాట పట్టుకుని పెట్టాం. చిలకలగూడ నుంచి వచ్చిన ఒక అవ్వ దావీదు గొల్యాతు కథను పక్కా తెలంగాణ యాసలో చెబితే పిల్లలు మళ్లీ చెప్పమని వదల్లేదు.

ఫిబ్రవరిలో, పరీక్షల ముందు, టెన్త్, ఇంటర్ పిల్లల తల్లిదండ్రులను మాత్రమే పిలిచాం. ఇరవై మంది వచ్చారు. పిల్లల టెన్షన్ సంగతి మాట్లాడదామని కూర్చుంటే పెద్దవాళ్ల టెన్షనే ఎక్కువ బయటపడింది. మనసు బాగోలేనప్పుడు మాట్లాడే ప్రభుత్వ ఫోన్ సాయం టెలీ మానస్ నంబర్ 14416 అందరి ఫోన్లలో సేవ్ చేయించాం. రాత్రీ పగలూ ఉచితంగా మాట్లాడతారు, తెలుగులో కూడా.

మెదక్ ప్రయాణం

క్రిస్మస్ రద్దీ తగ్గాక జనవరిలో పిల్లలను మెదక్ తీసుకెళ్లాం. అక్కడి పెద్ద చర్చి ప్రతిష్ఠ జరిగింది 1924 డిసెంబర్ 25న, అంటే 2024 డిసెంబర్‌తో నూరేళ్లు నిండాయి. కరువు రోజుల్లో పాస్నెట్ దొర అనే మిషనరీ జనానికి పని ఇచ్చి, అన్నం పెట్టి కట్టించిన గుడి అని చెబితే, "అయితే ముందు అన్నం పెట్టిండా, ప్రార్థన పెట్టిండా?" అని ఒక పాప అడిగింది. పాస్టర్ గారు ఇంకా ఆలోచిస్తున్నారు. బస్సు ఆరింటికి బయలుదేరాల్సింది ఏడున్నరకు బయలుదేరింది. ఆలస్యంగా వచ్చింది పిల్లలు కాదు.

లెక్కలు

కోశాధికారి గారు విడిగా చదువుతారు. ఆడిట్ అయింది. మెదక్ బస్సుకు అనుకున్నదానికంటే ఎక్కువైంది, హిమోగ్లోబిన్ స్ట్రిప్పులకు ఒక సభ్యుడు సొంతంగా ఇచ్చారు, పేరు వద్దన్నారు. మార్చి 31న చేతిలో 4,310 రూపాయలున్నాయి. చందా బాకీలు వసూలైతే దీనికి మూడింతలుంటుంది.

ఇకముందు

ఆగస్టులో మళ్లీ కొలతలు. పోయినేటి స్లిప్పులు దాచి ఉంచాం, తేడా చూడొచ్చు. ఈసారి ఏ కార్యాలయం కోసమూ టెంట్ వేయం. కొత్త కార్యవర్గం ఎన్నిక ఇదే సమావేశంలో. కార్యదర్శి పదవికి పోటీ చేసేవాళ్లు మొహమాటపడకుండా పేర్లివ్వండి, నాకేం బాధ లేదు.

చివరిగా ఒక మాట. సహవాసం డబ్బుతో కొన్న బరువు మిషన్ మెదక్ ప్రయాణం తర్వాత నుంచి కనిపించడం లేదు. ఎవరింట్లో ఉందో వాళ్లు వచ్చే ఆదివారంలోగా సండే స్కూల్ గదిలో పెట్టేయండి, ఏమీ అడగం.

మీ సహోదరుడు,
కార్యదర్శి