ఓడ ఎక్కే రోజునే యుంగ్‌ఫ్రౌయోక్: ఎక్స్‌కర్షన్ డబ్బు వాపసు కోరుతూ ఫిర్యాదు

కస్టమర్ రిలేషన్స్ మేనేజర్ గారికి,

విషయం: రైన్ నది క్రూజ్‌కు ముందు మీరు అమ్మిన ఆల్ప్స్ ఎక్స్‌కర్షన్‌లో సేవా లోపం, ముగ్గురికి కట్టిన 88,500 రూపాయల వాపసు

అయ్యా,

మీ హైదరాబాద్ బ్రాంచిలో బుక్ చేసుకుని, మొన్న జులైలో మా అమ్మానాన్నలను తీసుకుని బాసెల్ నుంచి ఆమ్‌స్టర్‌డామ్ దాకా రైన్ నది మీద క్రూజ్‌కు వెళ్ళాను. ఓడ ఎక్కే రోజు పగటిపూట మీరు విడిగా అమ్మిన యుంగ్‌ఫ్రౌయోక్ (స్విట్జర్లాండ్‌లోని ఆల్ప్స్ కొండల మీద రైల్లో చేరే చోటు) ఎక్స్‌కర్షన్ కూడా తీసుకున్నాం. ప్యాకేజీ ధర కాక మనిషికి 29,500 రూపాయలు. ఈ ఉత్తరం దాని గురించే.

తిరిగొచ్చాక ఈమెయిల్ పెడితే మీ ఆఫీసు నుంచి రెండు ముక్కల్లో జవాబొచ్చింది. కొండ ప్రాంతాల కార్యక్రమాలు వాతావరణాన్ని బట్టి మారతాయి, షరతుల ప్రకారం డబ్బు తిరిగి ఇవ్వడం కుదరదు అని. ఆ రోజు వాతావరణం వల్ల ఏదీ మారలేదు. ఆకాశంలో మబ్బు తునక లేదు. కొండ కింద కేబుల్ కారు ఎక్కే గ్రిండెల్‌వాల్డ్ టెర్మినల్‌లో కొండపైన కెమెరాల దృశ్యాలు తెర మీద చూపిస్తుంటారు, దాన్ని నేను తీసిన ఫొటో టైముతో సహా జతచేస్తున్నాను. అందులో హిమానీనదం అంచు దాకా స్పష్టంగా కనిపిస్తోంది. మా కార్యక్రమాన్ని పాడుచేసింది మీరు వేసిన టైమ్‌టేబుల్. దాన్ని కూడా మీరే పాటించలేదు.

మీ ప్రోగ్రాం కాగితం ప్రకారం పొద్దున 7.30కి బాసెల్ హోటల్ నుంచి బస్సు, పదికి గ్రిండెల్‌వాల్డ్, పదకొండుకి పైన, అక్కడ మూడు గంటలు, ఇండియన్ లంచ్, సాయంత్రం 5.30కి బాసెల్ రేవులో ఓడ. చదవడానికి బాగానే ఉంది. మా నాన్నగారు ఆర్టీసీ డిపోలో ట్రాఫిక్ సెక్షన్‌లో పనిచేసి రిటైరయ్యారు. సర్వీసులకు రన్నింగ్ టైము వేయడమే ఆయన ఉద్యోగం. ముందురోజు రాత్రి ఆ కాగితం చూసి, "ఇందులో ఎక్కడా పది నిమిషాల వెసులుబాటు లేదమ్మా, ఒక్కచోట లేటయితే మొత్తం పోతుంది" అన్నారు. అలాగే అయింది. బస్సు 7.30కి కాదు, 9.10కి కదిలింది. కారణం మీకు తెలుసు. ఆ పొద్దున విమానం దిగే మీ ఇంకో గ్రూపును మా బస్సులోనే ఎక్కించాలనుకున్నారు. వాళ్ళ విమానం ఆలస్యమైంది. మమ్మల్ని హోటల్ లాబీలో సామాన్ల మధ్య కూర్చోబెట్టి వాళ్ళ కోసం ఆపారు. మేము కొన్న ఎక్స్‌కర్షన్‌లో ఇంకో గ్రూపు కోసం ఆగాలన్న మాట ఎక్కడా లేదు.

గ్రిండెల్‌వాల్డ్ చేరేసరికి 11.40. అక్కడి నుంచి ఐగర్ ఎక్స్‌ప్రెస్ అనే కేబుల్ కారు పావుగంటలో ఐగర్‌గ్లెట్షర్ స్టేషన్‌కు చేరుస్తుంది, ఆపైన కొండ లోపల సొరంగంలో రైలు. వేసవిలో ఆ రైలుకు గ్రూపులకు సీటు టైము ముందే ఖాయం చేస్తారు. మా టైము ఎప్పుడో దాటిపోయింది. మళ్ళీ సీట్లు దొరికి పైకి చేరేసరికి మధ్యాహ్నం 1.40. రైలు దిగీ దిగకముందే టూర్ మేనేజర్ చెప్పిన మాట: 2.30 రైలు తప్పితే ఓడ తప్పుతుంది.

మూడు గంటలని డబ్బు కట్టించుకున్నచోట యాభై నిమిషాలు. అందులోనే టాయిలెట్ల దగ్గర లైను, లిఫ్టు దగ్గర లైను. లంచ్ కూపన్లు టూర్ మేనేజర్ చేతిలోనే ఉండిపోయాయి. తిరుగు బస్సులో ఒక్కొక్కరికి ఒక శాండ్‌విచ్, నీళ్ళ సీసా ఇచ్చారు.

ఆ కొండకు మేమెందుకు డబ్బు పెట్టామో కూడా చెప్పాలి, ఎందుకంటే "మంచు చూశారు కదా" అని మీ ఫోన్ సిబ్బంది ఒకరు నాతో అన్నారు. మంచు కోసమే అయితే మనాలీ వెళ్ళేవాళ్ళం. నాన్నగారు బయల్దేరేముందు నెలరోజులు మ్యాప్ ముందు పెట్టుకుని కూర్చున్నారు. యుంగ్‌ఫ్రౌయోక్ 3,454 మీటర్ల ఎత్తున రెండు శిఖరాల మధ్య ఉన్న కనుమ. ఒక పక్క మోంక్, ఒక పక్క 4,158 మీటర్ల యుంగ్‌ఫ్రౌ. ఉత్తరం వైపు కరిగిన మంచు లుట్షినె ఏటిలో పడి, బ్రియెంజ్ సరస్సు దాటి, ఆరె నదిలో సాగి చివరికి రైన్‌లో కలుస్తుంది. దక్షిణం వైపు ఆల్ప్స్ మొత్తంలో అన్నిటికన్నా పొడవైన అలెట్ష్ హిమానీనదం. దాని నీళ్ళు రోన్ నదిలో కలిసి మధ్యధరా సముద్రానికి పోతాయి. అంటే రేపటి నుంచి మేము ఓడలో ప్రయాణించబోయే నీళ్ళలో కొన్ని ఎక్కడ మొదలవుతాయో అక్కడ నిలబడి, రెండో వైపుకు కూడా చూడొచ్చు. నది ప్రయాణానికి ముందు చూడటానికి ఇంతకన్నా తగిన చోటు ఉండదు. ఈ ఎక్స్‌కర్షన్ పెట్టాలన్న ఆలోచన చాలా మంచిది. అందుకే ఇంత బాధగా ఉంది.

అది చూడాలంటే స్టేషన్ నుంచి సొరంగంలో నడిచి, లిఫ్టులో స్ఫింక్స్ టెర్రస్ ఎక్కాలి. మీ బ్రోచర్ అట్ట మీద ఉన్న ఫొటో ఆ టెర్రస్ మీద నుంచి తీసిందే. 2001లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరిన ఆ హిమానీనదాన్ని, ఏటేటా కరిగి తగ్గిపోతున్నదాన్ని, మేము ఆ టెర్రస్ మీద నుంచి చూడనేలేదు. లిఫ్టు దగ్గర లైను చూసి టూర్ మేనేజర్ "టైము లేదు సార్, ఐస్ ప్యాలెస్ చూసుకుని వచ్చేయండి" అన్నారు. అది మంచుగడ్డను తొలిచి చేసిన గుహ. పైకి వెళ్ళేటప్పుడు రైలు ఐస్‌మీర్ స్టేషన్‌లో ఐదు నిమిషాలు ఆగితే, కొండను తొలిచి పెట్టిన అద్దాల కిటికీలోంచి నాన్నగారు మంచు పగుళ్ళు చూశారు. అంతకుమించి ఆయనకు ఏమీ దక్కలేదు. పదహారేళ్ళు రాతిని తొలిచి 1912 ఆగస్టు 1న తెరిచిన రైలు దారి అది. దాని చివరిదాకా తీసుకెళ్ళి, చూడాల్సింది చూపించకుండా వెనక్కి తిప్పారు.

ఇప్పటిదాకా చెప్పింది డబ్బు సంగతి. ఇకపై చెప్పేది మీరు ఇంకా జాగ్రత్తగా చదవాలి.

మా అమ్మకు 66 ఏళ్ళు. బీపీకి మందులు వాడుతుంది. బుకింగ్ ఫారంలో అది రాసిచ్చాం, మీరు ఇన్సూరెన్స్ కోసం ఆ కాలమ్ ప్రత్యేకంగా నింపించారు కూడా. గ్రిండెల్‌వాల్డ్ టెర్మినల్ వెయ్యి మీటర్ల లోపు ఎత్తున ఉంది. 2020 డిసెంబర్‌లో ఆ కేబుల్ కారు వచ్చాక ప్రయాణం సుమారు ముప్పావు గంట తగ్గింది. అది సౌకర్యమే, కానీ ఒంటికి అలవాటుపడే వ్యవధి కూడా అంతే తగ్గింది. గంటలోపు మనిషి రెండున్నర వేల మీటర్లు పైకి పోతాడు. సముద్రమట్టం దగ్గరి గాలి ఒత్తిడిలో అక్కడుండేది మూడింట రెండు వంతులు మాత్రమే. అలాంటి చోట ఎవరైనా చెప్పేది ఒకటే: మెల్లగా నడవండి, నీళ్ళు తాగండి, పరిగెత్తకండి. మీరు మమ్మల్ని పరిగెత్తించారు.

ఐస్ ప్యాలెస్‌లో కాళ్ళకింద నేలంతా మంచుగడ్డే. అమ్మ వేసుకున్నవి మామూలు గుడ్డ బూట్లు, ఎందుకంటే మీ వాట్సాప్ గ్రూపులో పంపిన లిస్టులో "లైట్ స్వెటర్, క్యాప్, సన్‌స్క్రీన్" తప్ప ఇంకేమీ లేవు. అక్కడ నడి వేసవిలో కూడా ఉష్ణోగ్రత సున్నా దగ్గర ఆడుతుంది. గోడ పక్కన ఉన్న కమ్మీని రెండు చేతులతో పట్టుకుని, అడుగు తీసి అడుగు వేస్తోంది. వెనకనుంచి "అమ్మా, కొంచెం ఫాస్ట్‌గా" అని కేక. బయటికొచ్చేసరికి మొహం పాలిపోయింది, తల పగిలిపోతోందంది, కడుపులో తిప్పుతోందంది. సొరంగం గోడకు ఆనుకుని కిందే కూర్చుండిపోయింది. టూర్ మేనేజర్ అప్పటికే జెండా పట్టుకుని స్టేషన్ వైపు వెళ్ళిపోయారు. ఫోన్ చేస్తే ఎత్తలేదు. రైల్వే సిబ్బందిలో ఒకామె కుర్చీ తెచ్చి వేసి, నీళ్ళిచ్చి, మెల్లగా ఊపిరి తీసుకోమని చేత్తో సైగ చేసి చూపించింది. అమ్మ పక్కనుంచి కదలలేదు, రైలు ఎక్కేదాకా చెయ్యి పట్టుకుని నడిపించింది. ఆమెకు మా భాష రాదు, మేము ఆమెకు డబ్బు కట్టలేదు. కిందికి దిగుతుంటే అమ్మ తేరుకుంది. ఆ అరగంట నేను పడిన టెన్షన్ మాటల్లో చెప్పలేను.

టూర్ మేనేజర్‌గా వచ్చిన అబ్బాయి మీద నాకు కోపం లేదు. చిన్నవాడు. రెండు గ్రూపులను ఒక్కడి మీద వదిలి, ఓడ తప్పితే నీదే బాధ్యత అని మీరు చెప్పి పంపారని తర్వాత అతనే మాతో అన్నాడు. మా అమ్మకు బీపీ ఉన్న సంగతి అతనికి ఎవరూ చెప్పలేదు. ఫారంలో రాయించుకున్నది ఆఫీసు ఫైల్లో ఉంటే సరిపోదు, మనిషి పక్కన నిలబడేవాడికి తెలియాలి. దయచేసి ఈ ఫిర్యాదు చూపించి అతని ఉద్యోగం మీదికి తేకండి.

క్రూజ్ విషయంలో మాకు ఏ ఫిర్యాదూ లేదు. ఓడ సిబ్బంది శాకాహారం విషయంలో శ్రద్ధ తీసుకున్నారు. స్ట్రాస్‌బర్గ్‌లో, కొలోన్‌లో గైడ్లు ఓపికగా నడిపించారు, కోటల మధ్యగా రైన్ లోయలో సాగిన పూట అమ్మ డెక్ మీదనుంచి లేవనేలేదు. అది కూడా మీ ప్యాకేజీలోదే. బాగున్నదాన్ని బాగుందనే రాస్తున్నాను.

ఇకముందు వెళ్ళేవాళ్ళ కోసం ఒక మాట. బాసెల్ నుంచి యుంగ్‌ఫ్రౌయోక్ వెళ్ళి, చూసి, అదే రోజు ఓడ ఎక్కడమన్నది పెద్దవాళ్ళున్న గ్రూపుకు పెట్టకూడని ప్రోగ్రాం. పైన తొందరపడకుండా తిరగడానికే రెండు గంటలైనా కావాలి, రానూపోనూ దారి దానికి అదనం. ముందురోజు రాత్రి ఆ కొండల దిగువన ఉన్న ఇంటర్‌లాకెన్‌లో బస పెట్టండి. పొద్దున్నే మొదటి రైళ్ళలో పంపితే రద్దీ కూడా తప్పుతుంది. అదనపు రాత్రికి ఖర్చవుతుందంటే, ఓడ ఎక్కే రోజున లూసర్న్ దగ్గరి రిగీ కొండకు తీసుకెళ్ళండి. బాసెల్ నుంచి లూసర్న్‌కు గంటపైన ప్రయాణం, కొండ ఎత్తు 1,798 మీటర్లు. 1871 నుంచి నడుస్తున్న పళ్ళచక్రాల రైలు, యూరప్‌లో అలాంటి కొండ రైలు అదే మొదటిది. పైనుంచి సరస్సులూ, దూరాన మంచు శిఖరాల వరసా కనిపిస్తాయి, బీపీ ఉన్నవాళ్ళకు ఊపిరి కోసం వెతుక్కునే పని ఉండదు. బ్రోచర్ అట్ట మీద రిగీ ఫొటో యుంగ్‌ఫ్రౌయోక్ అంత గొప్పగా ఉండకపోవచ్చు. కానీ మీరు అమ్మేది డెబ్భై ఏళ్ళవాళ్ళకు, జీవితంలో ఒక్కసారి వెళ్ళే ప్రయాణం.

యుంగ్‌ఫ్రౌయోక్‌నే ఉంచుతారా, ఎత్తు ఎంతో, చలి ఎంతో, ఎలాంటి బూట్లు కావాలో, గుండె జబ్బు, ఊపిరితిత్తుల సమస్య, బీపీ ఉన్నవాళ్ళు ముందుగా డాక్టర్‌ను అడగాలన్న సంగతీ బుకింగ్‌కు ముందే తెలుగులో రాతపూర్వకంగా ఇవ్వండి. డబ్బు కట్టాక వాట్సాప్‌లో కాదు.

ఇక నేను అడుగుతున్నది. ఎక్స్‌కర్షన్‌కు ముగ్గురికి కట్టిన 88,500 రూపాయలు పూర్తిగా తిరిగి ఇవ్వాలి. సగం ఇస్తాం, వచ్చే ట్రిప్పుకు వోచర్ ఇస్తాం అని మీ సిబ్బంది ఫోన్లో అన్నారు, నాకు అవి అక్కర్లేదు. రైలు టికెట్ ఖర్చు మీకు అయిందని మీరు అనవచ్చు. ఆ టికెట్ వృథా అయింది మీ రెండో గ్రూపు కోసం బస్సు ఆపినందువల్ల, దాని భారం మా మీద వేయడం న్యాయం కాదు. డబ్బుతోపాటు, ఆలస్యానికి కారణం వాతావరణం కాదని ఒప్పుకుంటూ మా అమ్మానాన్నల పేరిట ఒక ఉత్తరం కావాలి. నాన్నగారు డబ్బు కన్నా దాన్నే ఎక్కువ అడుగుతున్నారు. ముప్ఫై ఏళ్ళు బస్సు లేటయితే రిజిస్టర్‌లో అసలు కారణం రాసిన మనిషి ఆయన.

ఈ ఉత్తరం అందిన 15 రోజుల్లోగా రాతపూర్వకంగా జవాబివ్వండి. లేకపోతే నేషనల్ కన్స్యూమర్ హెల్ప్‌లైన్ 1915లో ఫిర్యాదు నమోదు చేసి, వినియోగదారుల రక్షణ చట్టం, 2019 కింద నేనుండే జిల్లాలోని వినియోగదారుల కమిషన్‌కు వెళ్తాను. కేసు వేయడానికి రెండేళ్ళ గడువుందని తెలుసు, అంతదాకా ఆగే ఉద్దేశం లేదు. మీ ప్రోగ్రాం కాగితం, రసీదు, హోటల్ లాబీలో 8.50కి తీసిన ఫొటో, టెర్మినల్ తెర ఫొటో, రైలు టికెట్లు, బీపీ కాలమ్ నింపిన బుకింగ్ ఫారం నకలు, మీ ఈమెయిల్ జవాబు ఈ ఉత్తరంతో జతచేశాను. ఒరిజినల్స్ నా దగ్గరే ఉన్నాయి.

డబ్బు బుకింగ్ చేసిన ఖాతాకే వేయండి.

ఇట్లు,
బుకింగ్ చేసిన ప్రయాణికురాలు,
తల్లిదండ్రుల తరఫున కూడా
కూకట్‌పల్లి, హైదరాబాద్